బొంబాయి వీధి బెల్‌ఫాస్ట్‌లో ఉంది

"మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" పేరు చెప్పగానే మాకు ఈ మెచ్చుకోలు తప్పదు. అమ్మీ ఉర్దూలో లాలించి తెలుగులో కేకలేసిన ఇళ్ళు మావి. పొద్దున మసీదులో అలిఫ్ బే, పదింటికి బళ్ళో వేమన పద్యం. రెండూ ఒకే నోటితో నేర్చుకున్నాం. అయినా నలభై దాటినా మా భాషకి మార్కులు పడుతూనే ఉన్నాయి. మెచ్చుకోలు అయ్యాక రెండో మాట వస్తుంది: "ఇంతకీ మీరు తెలుగువాళ్ళా, ముస్లింలా?" అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలామంది మా స్నేహితులే. ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడవన్న అనుమానం వాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకే తెలీదు.

బెల్‌ఫాస్ట్‌లో ఒక పాత జోకు చెప్పుకుంటారు. చీకటి సందులో ఎవడో ఒకణ్ణి ఆపి, "నువ్వు ప్రొటెస్టెంటువా, కాథలిక్కువా?" అని గద్దిస్తాడు. వాడు బతుకుజీవుడా అనుకుని "నేను ముస్లింని" అంటాడు. "అది సరే, ప్రొటెస్టెంటు ముస్లింవా, కాథలిక్ ముస్లింవా?" కొందరు ఇదే జోకుని యూదుడి మీద చెబుతారు, కొందరు నాస్తికుడి మీద. మేం మొదటిసారి విన్నప్పుడు నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ సందు మాకు తెలిసిన సందే అనిపించింది.

బెల్‌ఫాస్ట్‌ను మేం చూడలేదు. పత్రికలో విదేశీ వార్తలు తర్జుమా చేసే బల్ల దగ్గరే దాంతో మా పరిచయం. ఐర్లండ్ దీవికి ఈశాన్య మూలన, లగన్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న రేవు పట్నం. ఐరిష్ భాషలో ఆ పేరుకి ఇసుకమేట దగ్గరి నదీముఖం అని అర్థం. ఉత్తర ఐర్లండ్‌కి రాజధాని. బాంబు పేలిందనో, ఊరేగింపులో రాళ్ళు పడ్డాయనో వార్త వచ్చిన ప్రతిసారీ ఏజెన్సీ వాడు చివరి పేరాలో ఒక వాక్యం తగిలించేవాడు: రెండు మతాల మధ్య శతాబ్దాల వైరం. మేమూ ఆలోచించకుండా "తరతరాల పగ" అని రాసి పంపేసేవాళ్ళం. మా గురించి ఇంకెవరో ఇంకో బల్ల దగ్గర కూర్చుని అచ్చంగా ఆ మాటే రాస్తున్నారని స్ఫురించడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ వాక్యం నిజమేనా అని అప్పుడు వెతకడం మొదలుపెట్టాం.

నిజం కొంత ఉంది. 1609 నుంచి ఇంగ్లండు రాజు అల్‌స్టర్‌లో ఐరిష్ కాథలిక్కుల భూముల్ని లాక్కుని స్కాట్లండు, ఇంగ్లండుల నుంచి తెచ్చిన ప్రొటెస్టెంట్లకు పంచాడు. బెల్‌ఫాస్ట్‌కి 1613లో పట్టణ హోదా వచ్చింది. 1690లో బోయిన్ నది ఒడ్డున ప్రొటెస్టెంటు రాజు విలియం కాథలిక్ రాజు జేమ్స్‌ని ఓడించాడు. ఏటా జూలై 12న డప్పులతో ఊరేగింపులు తీసేది దానికోసమే. ఇంతవరకూ అందరూ చెప్పేదే.

చెప్పనిది ఇంకోటుంది. 1784లో బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కులు తమ మొదటి చర్చి, సెయింట్ మేరీస్, కట్టుకున్నారు. కట్టడానికి ప్రొటెస్టెంట్లు చందాలిచ్చారు. ప్రారంభం రోజున ఎక్కువగా ప్రెస్బిటేరియన్లే ఉన్న వాలంటీర్ దళం వాకిట్లో బారులు తీరి, లోపలికి వెళ్తున్న మతగురువుకి గౌరవ వందనం చేసింది. ప్రెస్బిటేరియన్లంటే ప్రొటెస్టెంట్లలోనే ఒక శాఖ. అధికారంలో ఉన్న ఆంగ్లికన్ చర్చి వాళ్ళనీ పక్కన పెట్టింది కాబట్టి పక్కన పెట్టడమంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. 1791 అక్టోబరులో ఆ ఊళ్ళోనే యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం పుట్టింది. ప్రొటెస్టెంటు, కాథలిక్ అన్న పేర్ల బదులు ఐరిష్ మనిషి అన్న ఒక్క పేరు చాలునన్నారు. పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్ వ్యాపారులు. మరుసటేడు అంతరించిపోతున్న హార్ప్ వాయిద్యగాళ్ళని ఊరికి పిలిచి బాణీలు రాయించి పెట్టుకున్నారు. 1798లో తిరగబడ్డారు, ఓడిపోయారు. నూలు మిల్లులున్న కుటుంబంలో పుట్టిన హెన్రీ జాయ్ మెక్రాకెన్‌ని ఊరి నడిబొడ్డున ఉరితీశారు. ఉరికంబం దాకా అతని చెయ్యి పట్టుకు నడిచిన చెల్లెలు మేరీ ఆన్, ముసలితనంలో కూడా రేవులోకి వెళ్ళి ఓడలెక్కేవాళ్ళకి బానిసత్వ వ్యతిరేక కరపత్రాలు పంచింది. ఆమె విగ్రహం సిటీ హాలు ముందుకి 2024లో గాని రాలేదు.

శతాబ్దాల పగే నిజమైతే ఈ మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చారు? వీళ్ళ మనవలు ఎందుకు రాళ్ళు పట్టుకున్నారు?

జవాబు చర్చిలో కాదు, మిల్లులో దొరుకుతుంది. 1800లో ఇరవై వేలమంది ఉన్న ఊరు 1901కి మూడున్నర లక్షలైంది. అవిసె నారతో నేసే లినెన్ బట్టకి ప్రపంచమంతా బెల్‌ఫాస్టే బజారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం పత్తిని ఆపేసినప్పుడు లినెన్ ధర ఆకాశానికెక్కింది. మన నల్లరేగడి పత్తికి గిరాకీ తెచ్చిందీ ఆ యుద్ధమే. లినెన్ మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. నారని వేడినీళ్ళలో తడిపి వడకాలి కాబట్టి తడినేల మీద చెప్పుల్లేకుండా పొద్దస్తమానం నిలబడేవాళ్ళు. కరువు తరిమిన కాథలిక్ రైతుకూలీలు ఈ మిల్లుల కోసం ఊళ్ళోకి దిగారు. 1861కి ఊళ్ళో మూడోవంతు వాళ్ళే. పల్లెల నుంచి ప్రొటెస్టెంటు పేదలూ వచ్చారు. వీళ్ళు షాంకిల్ రోడ్డు వెంట, వాళ్ళు ఫాల్స్ రోడ్డు వెంట. రెండు రోడ్లకీ మధ్య నాలుగు సందుల దూరం. కూలి ఒకటే, దగ్గు ఒకటే. పని మాత్రం చాలదు. ఎవరి మేస్త్రీ ఎవరి వాడైతే వాడి బావమరిదికి పని.

1857 జూలైలో ఈ పేటల మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. విచారణ సంఘం వేశారు. ఆ నెలల్లోనే ఢిల్లీ ముట్టడిలో ఉంది. సెప్టెంబరులో కశ్మీరీ గేటు మీద దాడి నడిపించి గాయపడి చచ్చిపోయిన బ్రిగేడియర్ జాన్ నికల్సన్ ఎవరనుకున్నారు? బెల్‌ఫాస్ట్ పక్కనే ఉన్న లిస్‌బర్న్‌లో పెరిగినవాడు. ఢిల్లీలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపినవాళ్ళని బతికుండగానే చర్మం ఒలవడానికి చట్టం కావాలని రాసినవాడు. ఢిల్లీలో అతనికి పెట్టిన విగ్రహాన్ని స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ళు పంపించేశారు. లిస్‌బర్న్ బజారులో కత్తి, తుపాకీ పట్టుకున్న ఇంకో విగ్రహం 1922 నుంచీ ఉంది. చరిత్ర మాకు వేరే దేశం కథ చెబుతున్నట్టే చెప్పి ఇలా గుమ్మంలోకి తెచ్చి నిలబెడుతుంది.

ఇక ఓడలు. 1861లో హార్లండ్ అండ్ వుల్ఫ్ కంపెనీ పుట్టింది. టైటానిక్‌ని కట్టింది వీళ్ళే. తాళ్ళ కర్మాగారం, పొగాకు కర్మాగారం, ఇంజనీరింగు షాపులు వరసగా లేచాయి. అస్సాం వైపు తేయాకు తోటల్లో పనిచేసి వెళ్ళిన డేవిడ్‌సన్ అనే ఆయన 1881లో టీ ఆకు ఆరబెట్టే యంత్రాల ఫ్యాక్టరీ పెట్టాడు. మా గల్లీ హోటల్లో చాయ్ వెనక కూడా బెల్‌ఫాస్ట్ ఇనుము ఉందన్నమాట. ఓడల పని మంచి జీతం, మగవాళ్ళ పని, నైపుణ్యం పని. అది దాదాపు పూర్తిగా ప్రొటెస్టెంట్లది. కాథలిక్ గల్లీల్లో ఒక కథ పుట్టింది: టైటానిక్‌కి వేసిన నంబరుని అద్దంలో చూస్తే 'పోప్ వద్దు' అని కనిపిస్తుందట, అందుకే మునిగిందట. అలాంటి నంబరేదీ ఆ ఓడకి లేదు. అయినా ఆ కథ అబద్ధమని కొట్టేయడానికి మాకు మనసొప్పదు. గేటు లోపలికి రానివ్వని ఓడ గురించి గేటు బయటివాడు ఇంకేం కథ కట్టుకుంటాడు?

1920 జూలై 21న భోజనాల వేళ ఓడల కర్మాగారాల దగ్గర ఒక సభ జరిగింది. ఐర్లండ్ దక్షిణాన స్వాతంత్ర్యయుద్ధం నడుస్తోంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి పనుల్లేవు. సభ అయ్యాక కాథలిక్ పనివాళ్ళని వెంటపడి తరిమారు. రివెట్లు, ఇనుప ముక్కలు విసిరారు. కొందరు నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయారు. పెళ్ళిలో చల్లే రంగుకాగితాల పేరుపెట్టి ఆ ఇనుప ముక్కల్ని 'బెల్‌ఫాస్ట్ కన్‌ఫెటీ' అంటారు ఈనాటికీ. ఊరంతటా కలిపి ఏడు వేలకు పైగా పనులు పోగొట్టుకున్నారని అంచనా. రెండేళ్ళలో దాదాపు ఐదువందలమంది చచ్చిపోయారు. ఇక్కడ లౌకికవాద మిత్రులు ఒక్కక్షణం ఆగాలి. ఆ రోజు గెంటేసినవాళ్ళలో వందలాదిమంది ప్రొటెస్టెంట్లే. యూనియన్లు నడిపినవాళ్ళు, సోషలిస్టులు. వాళ్ళకి పెట్టిన పేరు 'కుళ్ళిపోయిన ప్రొటెస్టెంట్లు'. మన దగ్గర సూడో సెక్యులర్ అనే తిట్టుకి ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. మాతోపాటు మిమ్మల్నీ తరుముతారు, ముందు వరసలోనే తరుముతారు.

కలిసి నిలబడ్డ రోజులూ ఉన్నాయి. 1907లో జిమ్ లార్కిన్ రేవు కూలీల సమ్మె నడిపినప్పుడు రెండు మతాలవాళ్ళూ కలిసి నడిచారు. చివరికి పోలీసుల్లో కూడా తిరుగుబాటు లేచింది. సైన్యం వచ్చి ఫాల్స్ రోడ్డులో కాల్పులు జరిపి ఇద్దర్ని చంపింది. 1932లో నిరుద్యోగ కూలీలు రిలీఫ్ డబ్బులు చాలడం లేదని వీధికెక్కారు. ఫాల్స్, షాంకిల్ ఒక్కటయ్యాయి. అప్పటి ఊరేగింపు గురించి చెప్పుకునే ముచ్చట ఒకటుంది. బ్యాండువాళ్ళకి వచ్చిన పాటలన్నీ ఏదో ఒక మతం పాటలే. ఎవరి మనసూ నొప్పించని పాట వెతికితే అంగట్లో అరటిపళ్ళు లేవనే ఒక తమాషా పాట దొరికింది. ఆకలి ఊరేగింపు ఆ పాటతో సాగింది! మనకి అలాంటి ఉమ్మడి పాట ఏదుంది? పీర్ల పండగ డప్పు ఉండేది. దానిమీద కూడా అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ దుమ్ము పోస్తున్నారు.

1921లో దీవిని రెండు ముక్కలు చేశారు. ఆరు జిల్లాల ఉత్తర ముక్క బ్రిటన్‌తో ఉండిపోయింది. అక్కడ కాథలిక్కులు మైనారిటీ. స్థానిక ఎన్నికల్లో ఇంటిపన్ను లెక్కన ఓటు, మునిసిపాలిటీ ఇళ్ళు తమవాళ్ళకే. 1970 నాటికి ఓడల కర్మాగారంలో పదివేలమందిలో కాథలిక్కులు ఓ నాలుగు వందలు. దీనికి ప్రభువులు చెప్పిన సమాధానం మాకు కంఠతా వచ్చు: వాళ్ళు చదువుకోరు, వాళ్ళకి పిల్లలెక్కువ, వాళ్ళ విధేయత ఇంకో దేశానికి. చివరికి 1976లోనూ, ఇంకా గట్టిగా 1989లోనూ చట్టాలు చేసి, ఏ మతంవాళ్ళు ఎంతమంది పనిలో ఉన్నారో ప్రతి ఏటా లెక్క చెప్పమని యజమానుల్ని శాసించారు. మనుషుల్ని మతంవారీగా లెక్కపెట్టడం మతతత్వం కాదా అని అక్కడా కొందరు గోలపెట్టారు. లెక్క మొదలయ్యాకే గేటు తెరుచుకుంది. 2006లో సచార్ కమిటీ ఐ.ఏ.ఎస్.లలో ముస్లింలు 3 శాతమని లెక్క తీసినప్పుడు, లెక్క అడగడమే నేరమన్నట్టు మాట్లాడిన పెద్దలకి ఈ చట్టాలు చదివి వినిపించాలని ఉంది.

ఇప్పుడు బొంబాయి వీధి సంగతి. ఫాల్స్ రోడ్డు పక్కన క్లోనార్డ్ అనే కాథలిక్ పేట ఉంది. మిల్లులు పెరిగిన కాలంలో కట్టిన ఎర్ర ఇటుక ఇళ్ళ బారులు. మ్యాపు మీద ఆ పేట సందుల పేర్లు చదువుతుంటే మా చెయ్యి ఆగిపోయింది. కశ్మీర్ రోడ్డు. బొంబాయి వీధి. లక్నో వీధి. కాన్పూరు వీధి. సామ్రాజ్యం తను గెలిచిన ఊళ్ళ పేర్లని, తను గెలిచిన ఇంకో జాతి పేదల గుమ్మాల మీద రాసిపెట్టింది.

1968లో కాథలిక్కులు అమెరికా నల్లవాళ్ళని చూసి పౌరహక్కుల ఊరేగింపులు మొదలుపెట్టారు. మరుసటేడు ఆగస్టులో ఊరు అంటుకుంది. 1969 ఆగస్టు 15న బొంబాయి వీధిలోకి మూక వచ్చి దాదాపు వీధి మొత్తాన్ని తగలబెట్టింది. తేదీ చూడండి. ఇక్కడ మనం జెండా ఎగరేస్తున్న రోజు. ఆ రోజు ఆ వీధిలో చనిపోయిన పిల్లవాడికి పదిహేనేళ్ళు. తర్వాత నెలలో సైన్యం రెండు పేటల మధ్య ముళ్ళతీగ పరిచింది. ఇది తాత్కాలికమే, బెర్లిన్ గోడలాంటిది ఇక్కడ ఉండబోదు అన్నాడు సైన్యాధిపతి. బెర్లిన్ గోడ 1989లో కూలింది. ఇది పెరిగింది. తీగ రేకైంది, రేకు ఇటుకైంది, ఇటుక మీద ఉక్కు, ఉక్కు మీద వల. కొన్నిచోట్ల నలభై అడుగులు. 1998 ఏప్రిల్‌లో శాంతి ఒప్పందం కుదిరేనాటికి మొత్తంమీద దాదాపు మూడున్నర వేలమంది పోయారు. ఆ తర్వాత కూడా కొత్త గోడలు లేచాయి. 2023కల్లా అన్నీ తీసేస్తామని 2013లో ప్రభుత్వం మాటిచ్చింది. తీయలేదు. ఆ పేటలవాళ్ళు తామే కూడి తిరిగి కట్టుకున్న బొంబాయి వీధి ఇళ్ళకి పెరటివైపు ఇనుప పంజరాలున్నాయి, గోడ మీదుగా రాళ్ళు పడితే ఆపడానికి.

మా బొంబాయి కూడా మిల్లుల రేవు పట్నమే. 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడుతూ వచ్చాయి. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో తొమ్మిది వందలమంది చచ్చిపోయారు. మేం అప్పటికి పిల్లలం. ఆ తర్వాత వేలాది కుటుంబాలు మూటలు కట్టుకుని తమవాళ్ళున్న చోటికే, ముంబ్రా లాంటి శివార్లకి, పోయాయి. అక్కడ ఎవరూ నలభై అడుగుల గోడ కట్టలేదు. మాకు గోడ కనబడదు. టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్ళి పేరు చెబుతాం. "ఇప్పుడే ఇంకొకరికి మాటిచ్చేశామండీ" అంటారు. అదీ మా గోడ.

బెల్‌ఫాస్ట్‌లో రంగు ఒకటే, బట్ట ఒకటే, మాట ఒకటే. అయినా ఒక్క నిమిషంలో మనిషిని పసిగడతారు. పేరు ఏమిటి, ఏ బళ్ళో చదివావు, ఏ సందులో ఉంటావు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిదోదాన్ని 'ఏచ్' అంటే ప్రొటెస్టెంటు, 'హేచ్' అంటే కాథలిక్కు అట. ఒక అక్షరం! మా వాళ్ళ 'ఖ' గొంతులోంచి వస్తుందని సినిమాల్లో నవ్వించే కమెడియన్లు గుర్తొచ్చారు.

భాష సంగతి మాకు మరీ దగ్గరిది. ఈనాడు ఐరిష్ భాష అంటే కాథలిక్కుల సొత్తు, వీధిబోర్డు మీద ఐరిష్ రాస్తే ప్రొటెస్టెంటు పేటలో గొడవ. కాని పంతొమ్మిదో శతాబ్దంలో పల్లెపల్లెకి మనుషుల్ని పంపి ఐరిష్ రాతప్రతులు, పాటలు సేకరించిన రాబర్ట్ మెక్ఆడమ్ ఎవరు? ఇనుప ఫౌండ్రీ నడిపిన బెల్‌ఫాస్ట్ ప్రెస్బిటేరియన్. షాంకిల్ అన్న మాటే ఐరిష్ మాట, పాత చర్చి అని అర్థం. పరమ ప్రొటెస్టెంటు రోడ్డు పేరు ఐరిష్‌లో ఉంది! ఈమధ్య లిండా ఎర్వైన్ అనే ఆవిడ తూర్పు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంటు పేటలోనే ఐరిష్ తరగతులు నడుపుతోంది. తన భాష తను నేర్చుకున్నందుకు ఆవిడకి తిట్లూ తప్పలేదు. నిజాం దివాన్‌గా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు. ఆయన ఇంట్లో ఉర్దూ ముస్లిం భాష కాదు. ఎప్పుడైంది? ఎవరు చేశారు? చేసినవాళ్ళు ఒకవైపునే లేరని మేం ఒప్పుకోవాలి. తెలుగుని 'వాళ్ళ భాష' అన్న మౌల్వీసాబులు మాకూ ఉన్నారు.

ఈ కథ చదివే ముస్లిం పాఠకుడి మనసు వెంటనే ఫాల్స్ రోడ్డు పక్కకి పోతుంది. అక్కడ పాలస్తీనా జెండాలు ఎగురుతాయి, అవతలి పేటలో ఇజ్రాయెల్ జెండాలు. మేమూ అలాగే లెక్క వేసుకున్నాం. తర్వాత ఒక పేరు అడ్డొచ్చింది. 1919లో జలియన్‌వాలాబాగ్ నాటికి పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు, ఆ కాల్పుల్ని సమర్థించిన మైకేల్ ఓడ్వయర్, టిప్పరరీలో పుట్టిన ఐరిష్ కాథలిక్కు. ఇంట్లో దెబ్బతిన్నవాడు బయట కొట్టడన్న హామీ ఎవరిచ్చారు? 2021 జనగణనలో ఉత్తర ఐర్లండ్‌లో కాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్ళు 45.7 శాతం, ప్రొటెస్టెంటు నేపథ్యం ఉన్నవాళ్ళు 43.5 శాతం. నిన్నటి మైనారిటీ ఇవాళ పెద్దన్న అయింది. మిగిలిన కొద్ది శాతంలో ఎక్కడో మేమున్నాం.

2024 ఆగస్టు 3న బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన ఫోటోల్లో, సిటీ హాలు ముందు, బ్రిటిష్ జెండా, ఐరిష్ మూడురంగుల జెండా పక్కపక్కన ఉన్నాయి. నూరేళ్ళుగా ఒకదాన్నొకటి తగలబెట్టుకున్న జెండాలు. ఒక్కక్షణం మా గుండె పొంగింది. కింద వార్త చదివాం. ఇంగ్లండులో జరిగిన పిల్లల హత్యల మీద పుట్టిన పుకార్లు పట్టుకుని, వలసవచ్చినవాళ్ళు పోవాలని చేసిన ప్రదర్శన అది. డబ్లిన్ నుంచి కూడా కొందరు వచ్చి కలిశారు. అక్కణ్ణుంచి మూక ఇస్లామిక్ సెంటర్ వైపు నడవబోయింది. పోలీసులు అడ్డుపడితే దారిలో దుకాణాల మీద పడింది. డోనెగాల్ రోడ్డులో సిరియా నుంచి వచ్చినవాళ్ళ సరుకుల కొట్టు కాలిపోయింది. ఆ రోజు అక్కడ ఎవరూ, నువ్వు ప్రొటెస్టెంటు ముస్లింవా, కాథలిక్ ముస్లింవా అని అడగలేదు.

మరుసటి శనివారం అదే సిటీ హాలు ముందుకి వేలమంది వచ్చారు, జాతి విద్వేషం వద్దంటూ. షాంకిల్ నుంచి ఎంతమందో ఫాల్స్ నుంచి ఎంతమందో వార్తలో రాయలేదు. ఆ వార్త మేమే తర్జుమా చేశాం. లోపలి పేజీలో, సింగిల్ కాలమ్‌లో వచ్చింది.